హయత్‌నగరు బేగంగారు

సాతంరాయి బెంగుళూరు రోడ్డు మీది ఊరు. 2008లో శంషాబాదు దగ్గర విమానాశ్రయం తెరిచింది మొదలు, ఆ దారిన పోయేవాళ్ళకు తొందరే తప్ప ఊరు కనపడదు. అక్కడ మా పిన్ని ఇంట్లో నాలుగు రోజులున్నాను. "ఇక్కడేముందిరా చూడ్డానికి? కార్లు లెక్కపెట్టుకో" అంది పిన్ని. నాకు కావలసినవి రెండు దిక్కుల ఉన్నాయి. తూర్పుగా హయత్‌నగరు, ఉత్తరంగా గోలకొండ. ఒకచోట ఒక రాణి పేరు, రెండోచోట ఆవిడ సమాధి.

ఆవిడ హయత్ బక్షీ బేగం. హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాకు ఒక్కగానొక్క కూతురు. మగపిల్లలు లేని ఆ తండ్రి, తమ్ముడి కొడుకునే అల్లుణ్ణి చేసుకున్నాడు. మనలో అది అన్నాచెల్లెళ్ళ వరస, మాటవరసకైనా అనం. వాళ్ళలో తప్పు లేదు. ఆ అల్లుడు సుల్తాన్ మహమ్మద్ 1612లో గద్దెనెక్కాడు. మక్కా మసీదు మొదలుపెట్టించింది ఆయనే. 1626లో ఆయన పోయేనాటికి కొడుకు అబ్దుల్లాకు పదకొండేళ్ళు. తండ్రి రాజు, భర్త రాజు, కొడుకు రాజు. ఆవిడ మటుకు గద్దెమీద కూర్చోలేదు. పిల్లవాడి వెనక నిలబడి రాజ్యం నడిపించింది.

ఆరాంఘర్, చాంద్రాయణగుట్ట, ఎల్బీనగర్ మీదుగా పోయి విజయవాడ రోడ్డెక్కితే హయత్‌నగరు. ఒకప్పుడు గోలకొండనుంచి బందరు రేవుకు పోయే బాట ఇదే. బేగంగారి పేర ఉన్న మసీదు చుట్టూ, బాటసారులు దిగేందుకు కట్టిన గదులు వరసగా ఉన్నాయి. పక్కనే పెద్ద దిగుడు బావి. దాన్ని హాథీ బావ్లీ, అంటే ఏనుగు బావి అంటారు.

ఏనుగంటే గుర్తొచ్చింది. అబ్దుల్లా చిన్నతనంలో ఎక్కిన ఏనుగుకు మదమెక్కి, అతన్ని వీపున పెట్టుకునే అడవిలోకి పారిపోయిందట. పిల్లవాడి చేతికి అందేట్టు చెట్ల కొమ్మలకు తిండి మూటలు కట్టించిందట తల్లి. బిడ్డ క్షేమంగా వస్తే ఏనుగు గొలుసంత బంగారు గొలుసు ఇస్తానని మొక్కుకుందట. మొహర్రం రోజుల్లో ఎన్నో ఏళ్ళు సాగిన లంగరు ఊరేగింపు ఆ మొక్కుతోనే పుట్టిందని చెప్పుకుంటారు. కథలో నిజం పాలెంతైనా, ఆ తిండి మూటల ఊహ మటుకు తల్లిదే!

అసలు పరీక్ష 1656లో వచ్చింది. షాజహాను కొడుకు ఔరంగజేబు హైదరాబాదు మీద పడితే, అబ్దుల్లా గోలకొండ కోటలో తలదాచుకున్నాడు. కోటకు ముట్టడి పడింది. అప్పుడు ఆ ముసలితల్లే శత్రువు డేరాకు వెళ్ళి కొడుకు తరఫున మాట్లాడింది. సంధి కుదిరింది: కోటి రూపాయలు, అబ్దుల్లా కూతుళ్ళలో ఒకరిని ఔరంగజేబు పెద్దకొడుకు మహమ్మద్ సుల్తానుకిచ్చి పెళ్ళి.

ఇంగ్లండు చరిత్రలోనూ ఇలాంటి నాయనమ్మ ఒకావిడ, కాదు, అమ్మమ్మ ఉంది. రెండో హెన్రీ భార్య ఎలియనార్. డెబ్బై దాటిన వయసులో, 1200లో, పిరనీస్ కొండలు దాటి స్పెయిన్ వెళ్ళి, మనవరాలు బ్లాంష్‌ను ఫ్రాన్సు రాకుమారుడికివ్వడానికి వెంటబెట్టుకొచ్చింది. అదీ సంధి కోసమే. ఆ పిల్ల రాణి అయింది, కొడుకు చిన్నవాడైనప్పుడు రాజ్యం కూడా ఏలింది. మన బేగం మనవరాలికి ఆ అదృష్టం లేకపోయింది.

గోలకొండ సమాధుల్లో బేగంగారిది రాజుల గుమ్మటాలకు తీసిపోదు. పక్కనే మసీదు. కొడుకు అబ్దుల్లా సమాధి మటుకు ప్రాకారం బయట ఉంది. నల్లగొండవైపునుంచి పిల్లాజెల్లాతో వచ్చిన పెద్దావిడ ఒకరు మెట్లమీద కూర్చుని నా కథంతా విన్నది.

"గా పోరి ఏమైంది బిడ్డా?" అన్నది.

చెప్పాను. పెళ్ళికొడుకు తర్వాత తండ్రికి ఎదురుతిరిగి పెదతండ్రి షూజా పక్షాన చేరాడు. ఆ పెదతండ్రి కూతుర్నీ చేసుకున్నాడు. తిరిగొస్తే 1660లో ఔరంగజేబు ఖైదులో పడేశాడు. ఇక బయటికి రానేలేదు, 1676లో పోయాడు.

"మరి ఈ ముసలామె ఎప్పుడు చచ్చిపోయింది?"

"1667లోనమ్మా."

పెద్దావిడ వేళ్ళు మడిచి లెక్కబెట్టుకుంది. "ఏడేండ్లు," అన్నది. "ఏడేండ్లు ఆ ముచ్చట తెలిసే బతికిందన్నట్టు." తర్వాత మనవరాల్ని పిలిచి, ఎండలో తిరగొద్దని కేకలేసింది.