ఇసుకలో మంచినీళ్లు

కారు పాంబన్ వంతెన ఎక్కగానే ముందు సీట్లోని మాస్టారు కిటికీ అద్దం పైకెత్తేశారు. వెనక కూర్చున్న ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. బండి నడుపుతున్న లారీ ఓనరు మాత్రం ఏమీ గమనించనట్టు పాట పెట్టాడు.

నలుగురూ అవనిగడ్డలో పదో తరగతి కలిసి చదివినవాళ్లు. ఒకరు లారీలు తిప్పారు, ఒకరు బ్యాంకులో రిటైరయ్యారు, ఒకరు ఇంకా వ్యవసాయం వదల్లేదు. నాలుగో ఆయన బడిపంతులు. రామేశ్వరం వెళ్దామని ఏళ్లుగా అనుకుంటున్నా ప్రతిసారీ ప్రయాణం మాస్టారి దగ్గరే ఆగిపోయేది. మాఘ పౌర్ణమికి చుట్టుపక్కల ఊళ్లన్నీ హంసలదీవి స్నానానికి కదిలినా ఆయన అరుగు దిగరు.

ఎందుకో ఆ ముగ్గురికీ తెలుసు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమ మీద పడినప్పుడు ఆయన తొమ్మిదో తరగతి. వాళ్లది సముద్రానికి దగ్గరి పల్లె. ఒక చేత్తో తాటిచెట్టు పట్టుకున్నారు, రెండో చేత్తో ఏడేళ్ల చెల్లెల్ని. తెల్లారేసరికి చేతిలో చెట్టే మిగిలింది. ఆ తర్వాతే అవనిగడ్డలో మేనమామ ఇంటికి చేరారు. ఈ సంగతి ఆయన ఒక్కసారే చెప్పారు. వీళ్లూ మళ్లీ అడగలేదు.

‘‘గుళ్లోకే రారా, సముద్రం దగ్గరికి రమ్మనం’’ అని ఒట్టేసి తీసుకొచ్చారు. అన్నట్టే అగ్నితీర్థం వైపు పిలవలేదు. గుళ్లోని ఇరవై రెండు తీర్థాల బావుల్లో స్నానాలు చేయించి దర్శనం చేయించారు.

మర్నాడు పొద్దున్నే ధనుష్కోటి బయల్దేరుతుంటే ‘‘నేను కార్లోనే కూర్చుంటా’’ అన్నారు మాస్టారు.

రామేశ్వరం దాటాక ఊళ్లు పలచబడ్డాయి. సరుగుడు చెట్లు పోయి ఇసుక మిగిలింది. ఎడమవైపు బంగాళాఖాతం చెరువులా నిద్రపోతోంది. కుడివైపు మన్నారు సింధుశాఖ ఒడ్డును గుద్దుతోంది. నడుమ నల్లటి తారురోడ్డు. 2017లో ఈ రోడ్డు పూర్తయ్యేదాకా చివరి మైళ్లు ఇసుకలో జీపులూ వ్యాన్లే దిక్కు.

పాత ధనుష్కోటి దగ్గర కారు ఆగింది. పైకప్పు లేని చర్చి, మొండిగోడల రైల్వేస్టేషన్. ఒకప్పుడు మద్రాసు నుంచి రైల్లో ఇక్కడికొచ్చి, స్టీమరెక్కి సింహళంలోని తలైమన్నార్‌లో దిగి, మళ్లీ రైల్లో కొలంబో వెళ్లేవారు. 1964 డిసెంబరు 22 రాత్రి తుపాను ఈ ఊరిని తుడిచిపెట్టింది. స్టేషన్‌కు చేరువైన ప్యాసింజరు రైలును అలలు మింగేశాయి. అందులోని వందమందికి పైగా జనంలో ఒక్కరూ దక్కలేదు. దెబ్బతిన్న పాంబన్ రైలు వంతెనను ఇంజినీరు శ్రీధరన్ ఆధ్వర్యంలో 46 రోజుల్లో మళ్లీ నిలబెట్టారు. ఊరిని మాత్రం ఎవరూ నిలబెట్టలేదు. నివాసానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది.

బ్యాంకాయన ఇదంతా చెబుతుంటే మాస్టారు ఎప్పుడు కారు దిగారో ఎవరూ చూడలేదు. చర్చి గోడ పక్కన గవ్వల దండలమ్మే పెద్దావిడ ముందు నిలబడి ఉన్నారు. యాత్రికులతో మాట్లాడీ మాట్లాడీ ఆవిడకు కాస్త తెలుగు వచ్చింది. తుపాను నాటికి తనకు ఏడేళ్లట. తండ్రి పోయాడు, తల్లీ తనూ మిగిలారు.

‘‘అంత జరిగాక మళ్లీ ఇక్కడికే ఎందుకొచ్చారమ్మా?’’

‘‘వల ఇక్కడే కదయ్యా. ఇంకెక్కడికి పోతాం?’’

ఆయన మొహం చూసి ఏమనుకుందో, గుడిసె వెనక్కి తీసుకెళ్లింది. సముద్రానికి కూతవేటు దూరంలో ఇసుకలో తవ్విన చలమ. అందులోంచి చెంబుతో ముంచి ఇచ్చింది.

మాస్టారు సందేహిస్తూనే నోట్లో పోసుకున్నారు. ఉప్పు లేదు. తియ్యగా ఉన్నాయి.

ఉప్పెన వెళ్లిన తర్వాత వాళ్ల పల్లెలో బావులన్నీ ఉప్పుమయం. నీళ్ల మధ్యే ఉండి గుక్కెడు మంచినీళ్లకు ఎన్ని రోజులు అలమటించారో ఆయనకు బాగా గుర్తు. చెంబు ఖాళీ చేసి, ‘‘ఇంకో చెంబు ఇస్తావా అమ్మా’’ అని అడిగారు.

రోడ్డు అరిచల్‌మునై దగ్గర అయిపోయింది. అశోక స్తంభం చుట్టూ బండ్లు మళ్లడానికి చోటు, ఆ తర్వాత ఇసుక, ఆ తర్వాత నీళ్లు. ముగ్గురూ దిగి నడిచారు. ఈసారీ ఎవరూ పిలవలేదు. వెనక కారు తలుపు తీసిన చప్పుడైంది.

మాస్టారు చెప్పులు విడిచి, పంచె కాస్త ఎత్తి పట్టుకుని, చీలమండల దాకా నీళ్లలోకి దిగారు. అల వచ్చినప్పుడు ఒళ్లు బిగుసుకుంది. రైతు గబుక్కున వచ్చి పక్కన నిలబడ్డాడు, చెయ్యి మాత్రం పట్టుకోలేదు. రెండో అలా వచ్చి వెళ్లింది. మాస్టారు వంగి దోసిట్లో నీళ్లు తీసుకుని, పెదవులు కదిలించి, నెమ్మదిగా వదిలారు. చెల్లెలికి ఆయన నీళ్లు వదలడం అదే మొదటిసారి.

తిరుగు ప్రయాణంలో చాలాసేపు మాటల్లేవు. పాంబన్ వంతెన మీదికి వచ్చాక అద్దం దించి, గాలికి కళ్లు చికిలిస్తూ ఆయనే అడిగారు.

‘‘ఒరేయ్, వచ్చే మాఘ పౌర్ణమికి హంసలదీవికి బండి ఎవరిదిరా?’’