కిరాయి ఇంటి ఇరుగుపొరుగు



మేము దంపతులమిద్దరమూ ఈ కళాశాలలోనే, ఒకరము ఉర్దూ మాధ్యమంలోనూ, మరొకరము తెలుగు మాధ్యమంలోనూ విద్యనభ్యసించినవారము. ఉద్యోగరీత్యా అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో లెవెన్‌వర్త్ అనే చిన్న పట్టణం చేరి మూడేండ్లయినది. అక్కడి కిరాయి ఇల్లు మాకు నేర్పిన పాఠమొకటి మీతో పంచుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మిస్సోరీ నది ఒడ్డున 1827లో కర్నల్ హెన్రీ లెవెన్‌వర్త్ ఒక సైనిక స్థావరాన్ని నెలకొల్పాడు. దానినానుకొని 1854లో పట్టణం వెలసింది. నల్లజాతి సైనికులతో కూడిన పదవ అశ్వికదళం 1866లో ఏర్పడినది ఇక్కడనే. 1881లో ఆరంభమైన సైనిక పాఠశాల నేడు అధికారుల ఉన్నత విద్యాలయమై వర్ధిల్లుతున్నది. మన దేశం నుండియు, పాకిస్తాను నుండియు, మరి అనేక దేశాల నుండియు అధికారులు వచ్చి సుమారు పది నెలలు చదివి వెళ్ళుతారు. 2020 జనాభా లెక్కల ప్రకారం ఊరి జనం 37 వేల పైచిలుకు మాత్రమే. కావున ప్రతి వేసవిలోనూ వీధివీధినా సామాను బండ్లే కనిపిస్తాయి.

మాకు దొరికిన ఇల్లు పాతది. చెక్కమెట్లు కిర్రుమంటాయి. రాతిగోడల నేలమాళిగ వానలకు చెమరుస్తుంది. అయినను సుడిగాలి సైరను మ్రోగినప్పుడు ఆ నేలమాళిగయే మాకు దిక్కు. 1978కి పూర్వపు ఇల్లు గనుక, గోడల రంగులో సీసముండవచ్చునని యజమాని చట్టప్రకారం తెలియజేసి సంతకాలు తీసుకొన్నాడు. సామాను అమర్చని ఇంటికి అడ్వాన్సు ఒక నెల కిరాయిని మించరాదని కాన్సాస్ చట్టం. ఇవన్నీ మాకు అనుకూలములే.

కాని కిరాయి పత్రంలోని మరొక నిబంధన మమ్ము ఆలోచింపజేసింది. బదిలీ ఉత్తర్వు అందిన సైనికుడు ముందుగా తెలియజేసి, గడువు తీరకమునుపే ఇల్లు విడువవచ్చును. 2003 నాటి సమాఖ్య చట్టం అతనికి ఆ హక్కునిచ్చింది. మేము సైనికులము కాము. అనగా చుట్టూ ఉన్నవారందరూ వెళ్ళిపోయేవారు, మిగిలేది మేము. ఇటువంటి చోట స్నేహమెందుకని నిశ్చయించుకొన్నాము.

మేము దిగిన నాటి సాయంకాలమే ప్రక్కింటి సైనికుని భార్య ఒక గాజు గిన్నెలో తాను వండిన పిండివంట తెచ్చి ఇచ్చింది. ధన్యవాదాలు చెప్పి తలుపు మూసుకొన్నాము. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వరాదన్న మన ఇండ్లలోని ఆచారం మాకు తెలియనిది కాదు. అయినను రేపు, మాపు అనుకొంటూ దానిని అలమరలోనే ఉంచినాము. శీతకాలంలో ఇంటిల్లిపాది జ్వరంతో పడియున్నప్పుడు, మా మెట్లమీది మంచును ఆ సైనికుడే ఎత్తిపోసినాడు. అప్పటికిని గిన్నె కదలలేదు.

జూన్ మాసంలో ఒక ఉదయం వారి వాకిట సామాను బండి నిలిచింది. త్వరత్వరగా ఖుబానీ కా మీఠా చేసి, ఆ గిన్నెలో పోసుకొని వెళ్ళినాము. అప్పటికే పళ్ళెములూ చెంచాలూ పెట్టెలలోకి చేరినవి. మెట్లమీద కూర్చుండి, కాగితపు కప్పులతో తోడుకొని అందరమూ తిన్నాము. అది వారితో మా మొదటి విందు, చివరి విందు కూడ. గిన్నె చేతికీయబోగా ఆమె నవ్వి, “పెట్టెలన్నీ మూసివేసినాము. రాబోయేవారికి ఇందులోనే పంపండి” అన్నది.

ఆ మాటకు మేము సిగ్గుపడినాము. తాము ఉండేది పది నెలలేనని వారికి మొదటి దినమే తెలుసు. తెలిసియే మా తలుపు తట్టినారు.

జులైలో ఆ ఇంటికి క్రొత్తవారు వచ్చినారు. వారు పెట్టెలు విప్పకముందే మా అమ్మాయి ఆ గిన్నెలో సేమ్యా పాయసం తీసుకొని వెళ్ళింది.

మిత్రులారా, వసతిగృహపు గదిలోగాని, తరగతి బల్లమీదగాని మీరుండేది మూడేండ్లే. ప్రక్కవానితో పలుకుటకు రెండవ ఏటి వరకు వేచియుండవద్దని మా మనవి.