కీపర్ మాట

వికెట్ల వెనక ఉన్నవాడికి ఒక అధికారం ఉంటుంది. బంతి ఎటు తిరిగిందో, బ్యాటు అంచు తాకిందో లేదో అంత దగ్గరగా, అంత సూటిగా చూసేది అతనొక్కడే. సందేహం రాగానే కెప్టెన్ అతని మొహమే చూస్తాడు. ఆ నమ్మకాన్ని నేను ఒక మనిషి మీద తప్పుగా వాడాను.

మన్నెగూడలో సాగర్ రోడ్డుకు లోపల, ఇంకా ఇళ్లు కట్టని ప్లాట్లలో టెన్నిస్ బంతితో కీపింగ్ నేర్చుకున్నాను. ఆ బంతి బాగా ఎగురుతుంది, నిటారుగా నిలబడ్డా చేతికొస్తుంది. తోలు బంతి అలా కాదు. మట్టి పిచ్ మీద మోకాలి కిందే ఉండిపోతుంది. కీపర్ కూర్చునే ఉండి, బంతి ఎంత లేస్తే అంతే లేవాలి. మొహానికి తగులుతుందన్న భయంతో నేను బంతి పడకముందే లేచేవాణ్ని. అది గ్లౌజుల కిందుగా దూరి బౌండరీకి పోయేది.

మా జట్టు ఆఫ్‌స్పిన్నర్ నాకంటే పెద్దవాడు, అన్నా అనేవాణ్ని. అతని బౌలింగ్‌లోనే బైలు ఎక్కువ పోయేవి. కెప్టెన్ అడిగితే, ‘అన్న లెగ్ సైడ్ వేస్తున్నాడు, అందట్లేదు’ అన్నాను. నిజానికి అవి వికెట్ల మీదికే వచ్చిన బంతులు. కెప్టెన్ నా మాట నమ్మి అతనికి ఓవర్లు తగ్గించాడు. కొన్నాళ్లకు అన్న ఆటకు రావడమే మానేశాడు. నేనేమో తప్పు గ్లౌజులదనుకుని కొత్త జత కొన్నాను.

2021 నవంబరులో కాన్పూర్ టెస్టు చూస్తుంటే నాకు విషయం అర్థమైంది. న్యూజిలాండ్‌తో ఆట. మెడ పట్టేసి మన కీపర్ సాహా మైదానంలోకి రాలేకపోతే, మన విశాఖపట్నం కుర్రాడు కె.ఎస్. భరత్ బదులుగా కీపింగ్ చేశాడు. అశ్విన్ బౌలింగ్‌లో విల్ యంగ్ బ్యాటు అంచు తాకి కిందికి వచ్చిన బంతిని, కూర్చున్న చోటే ఒడిసిపట్టాడు. అంపైర్ ఇవ్వలేదు. అవుటేనని భరత్ గట్టిగా చెప్పాడు, కెప్టెన్ రహానే రివ్యూ కోరాడు. 89 దగ్గర యంగ్ వెనుదిరిగాడు. ఆ తర్వాత అక్షర్ బౌలింగ్‌లో లేథమ్‌ను 95 దగ్గర స్టంప్ చేశాడు. అప్పటికి భరత్ ఒక్క టెస్టూ ఆడలేదు, అరంగేట్రం 2023లో నాగ్‌పూర్‌లో. అయినా కెప్టెన్ అతని మాట విన్నాడు. నన్ను వంగిన ఆ మోకాళ్లకన్నా ఆ మాటే ఎక్కువ పట్టుకుంది.

అమెరికా బేస్‌బాల్‌లో కీపర్ లాంటి క్యాచర్ పని ఇంకా బరువైనది. ఏ బంతి వెయ్యాలో బౌలర్ లాంటి పిచర్‌కు అతనే వేళ్లతో సైగ చేస్తాడు. 2022లో మేజర్ లీగ్‌లోకి ఆ సైగ పంపడానికి మీటలున్న చిన్న యంత్రం కూడా వచ్చింది. ఎక్కడైనా బంతి విసిరేవాడి బాగోగులు పట్టేవాడి చేతిలో ఉంటాయి.

అన్నను వెతుక్కుంటూ వెళ్లి జరిగింది చెప్పాను. ‘బంతి నీ గ్లౌజుల కిందికెళ్తుందని నాకు తెలుసు తమ్మీ. కెప్టెన్ నిన్నే అడిగిండు, నన్ను అడగలే’ అన్నాడు.

ఇప్పుడు సాయంత్రాలు మా దగ్గరికొచ్చే పిల్లలను చిన్న స్టూలు మీద కూర్చోబెట్టి బంతులు పట్టిస్తాను. లేవాలన్నా ఆగిపోతారు, చేతులు కిందే ఉంటాయి. బై పోతే, ఎవరూ అడగకముందే కీపర్ చెయ్యెత్తి ‘నాదే’ అనాలి. ఇది మా దగ్గర రూలు.