లోపలి టైరు

ఆరు టైర్ల బండి కొంటే, టైర్లు అరిగినప్పుడు ఆరూ కొనాలి. ఇంత చిన్న లెక్క ట్రక్కు కొనేరోజు నాకు తట్టలేదు.

నేను ట్రావెల్ నర్సుని. 13 వారాలకో ఊరు, ఊరికో ఆసుపత్రి. ప్రతిసారీ అద్దె ఇల్లు వెతుక్కోలేక మూడేళ్ల కిందట ఒక ఫిఫ్త్ వీల్ ట్రైలర్ కొన్నాను. మంచం, పొయ్యి, పుస్తకాలు, పెరుగు తోడుపెట్టే గిన్నె అన్నీ అందులోనే. దాన్ని లాగడానికి పాతది, 2015 నాటి రామ్ 3500 డ్యూయలీ. అంటే వెనక ఇరుసుకి అటు రెండు, ఇటు రెండు చక్రాలు. ఫొటో పంపితే నాన్న అన్నమాట ఒకటే: "ఇది ఆరు టైర్ల లారీయే గదమ్మా!"

నాన్నకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. మాది విజయవాడ ఆటోనగర్. నాన్నకి సొంత లారీ ఉండేది, 1994 ఎండాకాలం దాకా. గుంటూరు నుంచి మిర్చి బస్తాలేసుకుని మద్రాసు వెళ్తుంటే, ఒంగోలు దాటాక వెనక లోపలి టైరుకి గాలి దిగిపోయింది. పక్కనే బయటి టైరు నిలబడి ఉంది కాబట్టి బండి ఒరగలేదు. అద్దంలో ఏమీ కనబడలేదు. ఖాళీ టైరు రోడ్డుకీ రిమ్ముకీ మధ్య నలిగి నలిగి, వేడెక్కి, అంటుకుంది. పోపులో ఒక్క ఎండుమిరపకాయ మాడితేనే ఇల్లంతా దగ్గుతాం. లారీడు మిర్చి కాలితే ఆర్పడానికి వచ్చినవాళ్లు కూడా వెనక్కి పరిగెత్తారట. ఆ అప్పు నేను ఇంటర్‌కి వచ్చేదాకా తీరలేదు.

తప్పు క్లీనర్‌దని మా ఇంట్లో అందరికీ తెలుసు. బండి ఆగినప్పుడల్లా వీల్ పానాతో టైర్లు కొట్టి చూడటం క్లీనర్ పని. ఒంగోలులో టీకి ఆగినప్పుడు ఆ కుర్రాడు కొట్టలేదు. నాన్న అతన్ని పనిలోంచి తీసేశాడు. ఈ కథ నేను అన్నం తింటూ విన్నాను, పెళ్లిళ్లలో విన్నాను, నా స్నేహితులకి నేనే చెప్పాను.

సరే, నా టైర్లు. నిజం చెప్పొద్దూ, నాకు మొదట కావలసింది అందం. 22 అంగుళాల మెరిసే అల్యూమినియం చక్రాలు ఒకాయన సగం ధరకి అమ్ముతున్నాడు. చక్రానికి 8 బోల్టులు, నా బండికీ 8 బోల్టులే. తీరా కొలిస్తే, నా బండికి బోల్టులు నిలిచే వృత్తం వ్యాసం 165.1 మిల్లీమీటర్లు, ఆయనవి 2019 తర్వాతి మోడల్‌వి, 200 మిల్లీమీటర్లు. అడాప్టర్ వేసుకుంటే సరిపోతుందన్నాడు. నా ఇల్లు మొత్తం ఆ అడాప్టర్ మీద వేలాడుతుందని గుర్తొచ్చి వచ్చేశాను.

తర్వాత టైర్ల షాపులో వెడల్పు టైర్లు వేసుకోమన్నారు, గంభీరంగా ఉంటాయని. జోడు చక్రాలకి వెడల్పు ఒక ఉచ్చు. బరువు పడితే టైరు బుగ్గలు ఉబ్బుతాయి. మధ్య సందు చాలకపోతే రెండూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఆ రాపిడీ వేడే. కంపెనీ ఇచ్చిన సైజు 235/80R17 దగ్గరే ఆగిపోయాను. దాని మీద 120/117 అని ఉంటుంది. ఒంటరిగా ఉంటే ఆ టైరు 1400 కిలోలు మోస్తుంది, జోడుగా ఉంటే ఒక్కోటి 1285 మాత్రమే. ఇద్దరు కలిస్తే బలం పెరగాలి గదా అనుకున్నాను. రోడ్డు ఎప్పుడూ సమంగా ఉండదు, రెండు టైర్లూ ఎప్పుడూ సమంగా మోయవు, అందుకని ఆ తగ్గింపు.

ఇంకో సంగతి. ఇక్కడ మామూలు కార్లకి గాలి తగ్గితే దీపం వెలిగే సెన్సర్ చట్టప్రకారం ఉండాల్సిందే. జోడు చక్రాల బండికి ఆ చట్టం వర్తించదు! ఎక్కడ కంటికి కనబడదో అక్కడే మినహాయింపు.

చివరికి సాదా స్టీలు చక్రాలు ఖాయం చేసుకుని, డబ్బు ఆదా చేద్దామని నాన్నకి వీడియో కాల్ చేశాను. "నాలుగు కొత్తవి కొని, ఉన్నవాట్లో మంచివి రెండు లోపలికి వేస్తే? ఎలాగూ కనబడవు గదా."

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. నెట్ ఆగిపోయిందనుకున్నాను.

"వద్దమ్మా. అరిగినదాని పక్కన కొత్తది వేస్తే బరువంతా కొత్తదే మోస్తుంది, పాతది ఈడ్చుకుంటూ వస్తుంది. ఆ రోజు లోపల నేనేసింది రీట్రేడ్ టైరు. రెండోసారి రీట్రేడ్ చేయించింది. అది పనికిరాదని షాపతను చెప్పాడు కూడా. అప్పట్లో అందరం అంతే, మంచివి బయటికి, అరిగినవి లోపలికి."

"మరి ఆ క్లీనరు?"

"వాడు కొట్టినా అది పగిలేదేమో." కాసేపటికి మళ్లీ, "వాడిది చీరాల దగ్గర ఏదో ఊరు. పేరు గుర్తుంది" అన్నాడు. పేరు చెప్పాడు. ముప్పై ఏళ్లలో మా ఇంట్లో అతని పేరు వినడం అదే మొదటిసారి.

ఆరూ కొత్తవే కొన్నాను, ఒకే కంపెనీ, ఒకే మోడల్. టైరు మీద చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. షాపులో మోకాళ్ల మీద కూర్చుని ఆరింటివీ చదివాను. ఒకటి రెండేళ్లు పాతది వచ్చింది, మార్పించాను. ఆ కుర్రాడు విసుక్కున్నాడు. విసుక్కోనీ.

కొత్త చక్రాలు వేశాక 50 నుంచి 100 మైళ్ల లోపు నట్లు మళ్లీ బిగించి చూసుకోవాలి. 80 మైళ్లకి ఒక ట్రక్ స్టాప్‌లో ఆపి, టార్క్ రెంచితో బిగించి, గేజి పెట్టాను. నా బండికి వెనక 65 ఉండాలి. ఉంది. నాన్నకి ఫోను చేశాను.

"లోపలిది కొట్టు" అన్నాడు.

"గేజి పెట్టానుగా నాన్నా, 65."

"కొట్టమ్మా."

పానాతో కొడితే వచ్చే చప్పుడు పూర్తిగా దిగిపోయిన టైరుని పట్టిస్తుందేమోగానీ, ఇరవై తగ్గితే చెవికి తెలియదు. ఆ మాట ఆయనకి చెప్పలేదు. ఫోను టైరు దగ్గర పెట్టి, చెయ్యి వెనకనుంచి దూర్చి, కొట్టాను. పానా గట్టిగా ఎగిరొచ్చింది.

"ఇంకోసారి."

కొట్టాను.

"అటువైపుది?"

లేచి, ఫోను పట్టుకుని బండి చుట్టూ నడిచాను.