మెట్ల మీద కూర్చున్న అమ్మకీ ఒక బెంచీ

పాలకొల్లు,
మే నెల.



దాళ్వా కోతలయ్యాయి, కాలువలు కట్టేశారు. నీళ్లుంటే పిల్లలు పొద్దంతా వాటిల్లోనే ఉండేవారు. ఇప్పుడు ఎటు చూసినా వేసవి తరగతుల ఫ్లెక్సీలే: స్పోకెన్ ఇంగ్లిష్, అబాకస్, కరాటే, కూచిపూడి. గ్రంథాలయాల్లో వేసవి శిబిరాలు ఎలాగూ పెడతారు. కథలు చదివిస్తారు, చెప్పిస్తారు. మీ పిల్లల్ని ముందు అక్కడికి పంపండి.

ఈ ఉత్తరం మాత్రం పిల్లల గురించి కాదు. వాళ్లని దింపి, తరగతి అయ్యేదాకా బయట మెట్ల మీద కూర్చునే అమ్మల గురించి.

మొన్న సాయంత్రం ఒకచోట ఏడెనిమిది మంది అలా కూర్చుని ఉన్నారు. ఎండ ఇంకా దిగలేదు, కొంగులతో విసురుకుంటున్నారు. ఒకావిడ చేతిలో క్రోషియా సూది ఆడుతూనే ఉంది. చూపు పిల్లాడి గది మీద, వేళ్లు దారం మీద. ‘ఎక్కడ నేర్చుకున్నారమ్మా?’ అన్నాను. ‘నేర్చుకోడమేటండీ, మా అమ్మ అల్లుతుంటే చూసి పట్టుకున్నాను’ అన్నారు. ఎవరికైనా నేర్పారా అంటే, ‘నాకేం వచ్చని నేర్పుతానండీ’ అని నవ్వేశారు.

ఆ మాట నాకు రాత్రంతా గుచ్చుకుంటూనే ఉంది. పక్కనున్న నరసాపురం పేరు మీద ఈ లేసు విదేశాలకి వెళ్తోంది. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన అల్లిక మన ఊళ్ల ఆడవాళ్ల చేతుల్లో ఇంత ఎదిగింది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. జర్మనీ నుంచి మారియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త వచ్చి, ఈ ఇళ్లలో తిరిగి, 1982లో ఒక పుస్తకమే వేశారు. రోజంతా అల్లే మనిషిని ‘ఖాళీగా ఉన్న గృహిణి’గానే చూడబట్టి కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆవిడ తేల్చారు. అంతటి విద్య చేతిలో ఉన్న మనిషి తనకేమీ రాదనుకుంటోంది!

నేర్చుకోడానికి వయసు అడ్డు కాదని నేను ఒకప్పుడు చూశాను. పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం మా నాన్న నన్ను టైపు ఇనిస్టిట్యూట్‌లో చేర్పించారు. పొద్దున్న ఆరు గంటల బ్యాచి. నిమిషానికి ముప్ఫై మాటలు కొడితే లోయరు పరీక్ష, నలభై ఐదు కొడితే హయ్యరు. మా కుర్రాళ్ల మధ్య నలభై దాటిన ఒకావిడ ఉండేవారు. భర్త పోయాక వచ్చి చేరారు. మొదటి వారం చిటికెన వేలు మాట వినక కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మాస్టారు ఏమీ అనలేదు, ఆవిడ మిషను కిటికీ పక్కకి మార్చారంతే. ఆ ఏడాది ఆవిడ లోయరు పాసయ్యారు, ఆ కాగితంతోనే ఒక ఆఫీసులో పనికి కుదిరారు. వేసవి తరగతి అంటే నాకు ఇప్పటికీ ఆ కిటికీ పక్క మిషనే గుర్తొస్తుంది.

వయసుతో పనిలేని అలాంటి చదువుకి చోటిచ్చేది కమ్యూనిటీ కాలేజీ. అమెరికాలో 1901లో జోలియెట్ అనే ఊళ్లో మొదలైంది. అక్కడ ఇప్పుడు వేసవి వచ్చిందంటే ఇరవై ఏళ్ల కుర్రాడూ, అరవై ఏళ్ల మామ్మగారూ ఒకే గదిలో కూర్చుంటారు. మన దేశంలో 1995లో పుదుచ్చేరిలో తొలి అడుగు పడింది. తర్వాత విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) కూడా ఒక పథకం పెట్టింది. ఊరి అవసరాన్ని బట్టి కోర్సు ఉండాలని, పని తెలిసినవాళ్లని కూడా పాఠం చెప్పడానికి పిలవాలని అందులోని ఉద్దేశం. నాకు బాగా నచ్చింది ఆ రెండోదే.

మన ఊళ్లోనూ ఇది చెయ్యొచ్చు. సెలవుల్లో కాలేజీ గదులు తాళాలేసి ఉంటాయి. ఆరు వారాలు, సాయంత్రం రెండు గంటలు తెరిస్తే చాలు. లేసు తరగతి పెట్టాలి. అల్లిక ఒక్కటే కాదు, దారపు ఉండ ఖరీదెంత, గంటలెన్ని పట్టాయి, ముక్కకి ఎంత అడగాలి అన్న లెక్కా నేర్పాలి. పాఠం చెప్పినావిడకి మేష్టారికిచ్చే జీతమే ఇవ్వాలి. ఈ మాట దగ్గర నేను పట్టుబడతాను. కొబ్బరి కొట్లో గుమాస్తాగా చేరే కుర్రాళ్లకి కంప్యూటర్లో పద్దులు నేర్పొచ్చు. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ పుట్టిన ఊరు మనది, నాటకం తరగతి పెడితే జనం రారా? నేనైతే మొదటి రోజే చేరతాను.

మీరు నాకు ఒక కార్డు రాయండి. రెండే సంగతులు: ఈ వేసవిలో ఏం నేర్చుకోవాలనుంది, ఎదుటివాళ్లకి ఏం నేర్పగలరు. పచ్చడి పట్టడమైనా, సైకిలు పంక్చరు వెయ్యడమైనా, బ్యాంకు ఫారం నింపడమైనా సరే. వచ్చిన కార్డులన్నీ పట్టుకుని కాలేజీ వాళ్ల దగ్గరికి నేనే వెళ్తాను.

మెట్ల మీది ఆవిడకీ ఒక కార్డు ఇచ్చాను. మొదటి ప్రశ్నకి అక్కడికక్కడే ‘ఇంగ్లీషు మాట్లాడ్డం’ అని రాశారు. రెండోదానికి కాసేపు ఆలోచించి, ఇంటికెళ్లి రాసుకొస్తానని కార్డు మడవకుండా దారం సంచిలో పెట్టుకున్నారు.

ఇట్లు,
మీ పాలకొల్లు మిత్రుడు