ఏ నూటికి ఎంత?

మన యిండ్లలో లెక్కలు రాని స్త్రీ లేదు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ చొప్పున పదివేలకు ఆరునెలలలో ఎంత యగునో కాగితము ముట్టకుండ చెప్పగల యిల్లాండ్రు మా వీధిలోనే పదిమంది గలరు. ఆ తల్లులే బిడ్డ పుస్తకమున “శాతము” అను మాట కనబడినంతనే “అవి పెద్ద చదువుల లెక్కలు, మాకు తెలియవమ్మా” అని తప్పుకొందురు. వారు దినదినము పలుకు “నూటికి” అను మాటయే సంస్కృతవేషము ధరించి శాతమై వచ్చినదని వారికెవ్వరును చెప్పలేదు కాబోలు.

మా వారు గుంటూరుసీమలో మిరపయు ప్రత్తియు పండు నల్లరేగడి గ్రామమొకదానియందు ఉపాధ్యాయులు. సాయంకాలము ఏడెనిమిదిమంది బాలికలు మా యరుగుమీద చదువుకొందురు. వారి తల్లులలో ననేకులు కోతల దినములలో మిరపచేలకును, తక్కిన దినములలో కాయల తొడిమలు తీయుటకును కూలికి పోవువారు. నేను బడికి పోయి చదివినదానను కాను. మా నాయనగారు ఇంటియందే కావ్యములతోపాటు కొంత గణితమును గూడ నేర్పిరి. వారు చెప్పిన త్రైరాశికమే నేటికిని నా చేతికఱ్ఱ.

త్రైరాశికమనగా మూడు రాశులనుబట్టి నాల్గవదానిని దెలిసికొనుట. మొదటిది ప్రమాణము, రెండవది ఫలము, మూడవది ఇచ్ఛ. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహమున దీనికొక ప్రకరణమే కలదు. ఆ గ్రంథమును తెనుగుచేసిన పావులూరి మల్లన మనకు దూరపువాడు కాడు. మొన్నటివరకు ప్రకాశము జిల్లాలో నుండి 2022లో బాపట్ల జిల్లాలో జేరిన పావులూరే ఆయన యింటిపేరు. ఈ మాట చెప్పినప్పుడు బాలికలు, చుట్టపువాని సంగతి విన్నట్లు, చెవులు నిక్కించిరి.

శాతములు నేర్పుటకు నేను అమ్మకపుపన్నును ఎన్నుకొంటిని. ఏలనన నది ప్రతి యింటికిని బిల్లుల రూపమున తానే నడచివచ్చును. మన సీమకు క్రొత్తదియు గాదు. గుంటూరు మదరాసు రాజధానిలో నుండగా, 1939లో రాజాజీ మంత్రివర్గము దీనిని ప్రవేశపెట్టినది. 1957లో ఆంధ్రప్రదేశమునకు వేరు చట్టమైనది. 2005 ఏప్రిలులో వ్యాటు, 2017 జూలై 1వ తేదీన జీ.ఎస్.టీ. వచ్చినవి. పేర్లును రేట్లును మారినవి గాని “నూటికింత” అనుట మారలేదు.

మొదటి పాఠము మిరపకాయతోడనే జరిగినది. పచ్చిమిరపకాయ కూరగాయలలో జేరును గనుక దానికి పన్ను లేదు. అదియే యెండి సంబారమైనచో నూటికి ఐదు. “అయితే ఎండ కూడ పన్ను వేయునన్నమాట!” అని యొక చిన్నది నవ్వినది. బిల్లుమీద ఆ యైదు రెండున్నర చొప్పున రెండుచోట్ల కనబడును. ఒక పాలు కేంద్రమునకు, ఒక పాలు రాష్ట్రమునకు. ఇట్లు దశాంశములును తెలిసినవి.

రెండవ పాఠమున అసలు చిక్కు వచ్చినది. నూటికి ఐదు పన్నుతో గలిపి ఒక నూలుచీర 840 రూపాయలైనది. పన్నెంత? అందఱును 840ని ఐదింట హెచ్చించి నూఱింట భాగించి, 42 అనిరి. “అట్లయిన చీర అసలు వెల 798. దానికి నూటికి ఐదు కట్టి చూడు” డంటిని. 39 రూపాయల 90 పైసలు వచ్చినది, 42 రాలేదు. అరుగుమీద నిశ్శబ్దము. అప్పుడు రాశులు వ్రాయించితిని. చేతిలోనున్నది పన్ను కలిసిన సొమ్ము గనుక ప్రమాణము నూఱు గాదు, నూటయైదు. ఫలము ఐదు. ఇచ్ఛ 840. పన్ను 40, చీర 800. “నూటికి అన్న ప్రతిసారియు ఏ నూటికి అని యడుగుడు. శాతముల విద్యలో సగము ఆ ప్రశ్నయే” అని చెప్పితిని.

2025 సెప్టెంబరు 22వ తేదీన పన్నులు మారినప్పుడు ఆ ప్రశ్న మరల పనికివచ్చినది. నోటుపుస్తకములకును పెన్సిళ్ళకును నూటికి 12 ఉండిన పన్ను తొలగినది. ఒంటిసబ్బు, తలనూనె, పండ్లపేస్టు 18 నుండి 5కు దిగినవి. “పన్ను కాక నూఱు రూపాయలైన సబ్బులు 118కి వచ్చుచుండెను, ఇక 105. వెల నూటికెంత తగ్గినది?” “పదమూడు” అని గొంతులన్నియు నొక్కసారి. ఒక్కతె మాత్రము “ఏ నూటికి?” అన్నది. తగ్గిన 13 రూపాయలు 118లోనివి గనుక నూటికి పదునొకండు మాత్రమే. ఆనాడు నాకు కలిగిన సంతోష మింతింత గాదు.

ఆ బాలిక తల్లి కుట్టుమిషను కొన దలచి, కూతును వెంటబెట్టుకొని దగ్గరి పట్టణమునకు బోయినది. పెట్టెమీద అన్ని పన్నులు కలిపి 6,300 రూపాయలని యచ్చువేసి యున్నది. దుకాణదారుడు దానిమీద మరల నూటికి ఐదు చొప్పున 315 చేర్చి 6,615 వ్రాసినాడు. ముద్రించిన వెలలో పన్నులన్నియు కలిసియే యుండవలెనని నియమము. పిల్ల ఆ యక్షరములను చూపి, “అయ్యా, 6,000కు పన్ను 300 ఇందులోనే యున్నదిగదా, మరల నెందుకు?” అని మెల్లగా నడిగినది. ఆయన మాటాడక 315 కొట్టివేసినాడు. ఆ తల్లికది ఒక దినపు కూలి.

అంతకంటె నా మనసున నాటినది మరియొకటి. “పన్నులు కట్టునది ధనవంతులు, మాబోటి కూలివారికేమి?” అని యా తల్లి యెప్పుడును అనుచుండెడిది. కూతురు ఒక నెల బిల్లులన్నియు దాచి, ఒక్కొక్కదానిలోని పన్ను విడదీసి, కూడి చూపినది. యాబదియెనిమిది రూపాయలు. సబ్బుకొన్న కోటీశ్వరుని చేతిలోనుండియు, ఆమె చేతిలోనుండియు నూటికి అదే ఐదు పోవుచున్నది. ఆమె కొంతసేపు ఊరకుండి, “అట్లయిన బడికప్పు కారుచున్నదని యడుగుటకు నాకును హక్కున్నదన్నమాట” అన్నది. తరువాతి తల్లిదండ్రుల సమావేశమున అడిగినది కూడ.

సోదరీమణులారా! మీ యింటికి వచ్చు బిల్లులను చింపి పారవేయక ఒక మేకునకు గ్రుచ్చి యుంచుడు. ఆదివారమునాడు అమ్మాయిని కూర్చుండబెట్టి ఒక్క బిల్లు విప్పించుడు. అసలు వెల యెంత, పన్నెంత, ఆ పన్ను ఏ నూటికి అని యడుగుడు. అయిదు నిమిషముల పని. అమ్మాయి పొరబడినచో తొందరపడి సరిదిద్దవలదు; వచ్చిన విడి వెలకు మరల పన్ను కట్టి చూడుమనుడు. లెక్క తన తప్పును తానే చెప్పును.