మంత్రానికీ ఓ బిల్లు!

మంత్రం వేస్తే గాయం మానిపోతుంది. బాగానే ఉంది. మరి ఫీజు ఎవరు కట్టాలి?

మాంత్రికుల కథల్లో ఈ ప్రశ్న రాదు. మాయ ఎక్కడో గుహలో ఒక్కడి సొత్తు. 1974లో అమెరికాలో పుట్టిన ‘డంజన్స్‌ అండ్‌ డ్రాగన్స్‌’ ఆటలోనూ చాలాకాలం దాదాపు అదే పద్ధతి. నలుగురు బల్ల చుట్టూ చేరి, తలా ఒక పాత్రగా మారి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట అది.

దానికో కొత్త లోకం కావాలని 2002లో పోటీ పెడితే 11 వేలకు పైగా ప్రతిపాదనలొచ్చాయి. గెలిచింది కీత్‌ బేకర్‌ ఊహించిన ‘ఎబెరాన్‌’. 2004లో పుస్తకమైంది. అక్కడ వీధిదీపాలు వెలిగేదీ, రైలు నడిచేదీ మాయతోనే. బ్యాంకులు ఒక వంశానివి, వార్తలు చేరవేయడం ఇంకో వంశం పని, వైద్యం మరో వంశం చేతిలో ఉంటుంది.

మాయ కరెంటులా ఇంటింటికీ వచ్చేస్తే ఇక అబ్బురమేముంది అంటారు కొందరు. నిజమే, రోజూ వెలిగే దీపాన్ని చూసి ఎవరూ నోరెళ్లబెట్టరు. కానీ ఆ వైద్యుల వంశం డబ్బు తీసుకునే నయం చేస్తుంది. లేనివాడి బిడ్డ సంగతేంటి? యుద్ధం కోసమే తయారుచేసిన, ఆలోచించగల మరమనుషులున్నారు. పోరు ముగిశాక సంధి వాళ్లను స్వతంత్రులన్నది. మరి బతుకుతెరువో? తేల్చాల్సింది బల్ల చుట్టూ ఉన్నవాళ్లే.

డ్రాగన్‌ ఎదురైతే కత్తి దూయొచ్చు. ఆస్పత్రి గుమ్మంలో ఖాళీ జేబుతో నిలబడ్డ తల్లి ఎదురైతే..? ఆట అసలు రంజుగా మారేది అక్కడే!